డ్రైవర్ లేని బండి గుద్దితే పాదచారి ఎవరి మీద కేసు వేయాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

డ్రైవర్ లేకుండా తనంతట తాను నడిచే కార్ల గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. వాటిలో బండి లోపల కూర్చునే మనిషికి అది ఎంత సుఖమో, ఎంత భద్రమో రాస్తున్నారు గానీ, ఆ బండికి ఎదురుగా రోడ్డు దాటే మనిషి గురించి ఒక్క మాటా ఉండటం లేదు. అనంతపురంలో మోటారు ప్రమాదాల క్లెయిమ్ కేసులు చేసే న్యాయవాదిగా నా ఆందోళన అంతా ఆ రెండో మనిషి గురించే. అలాంటి బండి గుద్ది ఒకరు చనిపోతే, లేదా మంచాన పడితే, ఆ కుటుంబానికి పరిహారం ఎవరు చెల్లించాలి, తప్పు ఎవరిదో ఎవరు రుజువు చేయాలి అనే ప్రశ్నలకు మన చట్టంలో సూటి జవాబు లేదు. బండ్లు రోడ్డెక్కక ముందే ఆ జవాబును చట్టంలో రాసిపెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇది పెద్ద నగరాల సంగతి, రాయలసీమకు ఇప్పట్లో రాదు అనుకోవడానికి వీల్లేదు. డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి ఇలాంటి కార్లను దేశంలోకి రానివ్వబోమని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు 2017లోనూ, మళ్లీ 2023 డిసెంబరులోనూ చెప్పారు. ఆ మాట వెనుక ఉన్న శ్రద్ధను నేను గౌరవిస్తాను, కానీ మంత్రి గారి మాట చట్టం కాదు. కందిలోని హైదరాబాద్ ఐఐటీ ప్రాంగణంలో ఇలాంటి వాహనాలను పరీక్షించడానికి ‘తిహాన్’ పేరుతో 2022 జులైలోనే ఒక కేంద్రం మొదలైంది. బెంగళూరులో కంపెనీలూ, కళాశాలలూ తాము తయారుచేసిన నమూనా బండ్లను ప్రదర్శిస్తూనే ఉన్నాయి. ఆ రెండు నగరాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, డోన్, గుత్తి, పామిడి, అనంతపురం, పెనుకొండల మీదుగా మన పల్లెల నడుమ నుంచే పోతోంది. అసలు సగం సమస్య ఇప్పటికే వచ్చేసింది. ముందున్న అడ్డును తానే గుర్తించి బ్రేకు వేసే, లేన్ తప్పకుండా స్టీరింగును తానే సరిచేసుకునే ‘ఆడాస్’ సదుపాయం ఉన్న కార్లు కొన్నేళ్లుగా మన షోరూముల్లో అమ్ముతున్నారు. డ్రైవర్ సీట్లో మనిషి ఉంటాడు, కొంత దూరం మాత్రం బండిని నడిపేది యంత్రమే. అలాంటి కారు గుద్దినప్పుడు ‘బండే ఆగుతుందనుకున్నాను’ అని డ్రైవరూ, ‘జాగ్రత్తగా ఉండాల్సింది డ్రైవరే’ అని కంపెనీ చెప్పే రోజు ఎంతో దూరంలో లేదు.

మన రోడ్ల మీద నడిచేవాళ్లు ఎలా ఉంటారో ఆ యంత్రాలకు నేర్పేవాళ్లకు తెలుసా అన్నది నా మొదటి సందేహం. తెల్లవారుజామున జీవాలను తోలుకుంటూ హైవే దాటే కాపరి భుజాన గొంగడి, చేతిలో కట్టె, చుట్టూ గొర్రెలు ఉంటాయి. తల మీద కసువు మోపుతో వచ్చే ఆడమనిషిని దూరం నుంచి చూస్తే మోపు కనిపిస్తుంది గానీ మనిషి కనిపించదు. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి ఆదోని, ఎమ్మిగనూరు, ఆత్మకూరుల మీదుగా శ్రీశైలానికి కాలినడకన వెళ్లే మల్లన్న భక్తులు వేల సంఖ్యలో రోడ్డు అంచునే నడుస్తారు. వాళ్లలో మొక్కు తీర్చుకోవడానికి కాళ్లకు పొడవాటి కొయ్యలు కట్టుకుని నడిచేవాళ్లూ ఉంటారు. వీళ్లెవరూ జీబ్రా గీతల మీద రోడ్డు దాటరు, దాటుదామన్నా చాలాచోట్ల ఆ గీతలే లేవు. అండర్‌పాస్ కట్టిన చోట అది ఊరికి దూరంగా ఉంటుంది, వాన పడితే మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి.

ఇది నేను ఊహించుకున్న భయం కాదు. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం, టెంపీ పట్టణంలో ఊబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు, సైకిలును తోసుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ల మహిళను గుద్దింది. ఆమె చనిపోయింది. ఇలాంటి బండి కింద పడి పాదచారి మరణించిన తొలి ఘటనగా దాన్ని చెబుతారు. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి 2019 నవంబరులో వెల్లడించిన వివరాలు చదివితే మన పల్లెలే కళ్ల ముందు మెదులుతాయి. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే ఆ కారు ఆమెను పసిగట్టింది. కానీ ఆమెను ఒకసారి గుర్తు తెలియని వస్తువుగా, ఒకసారి వాహనంగా, మరోసారి సైకిలుగా లెక్కగడుతూ పోయింది. నిర్దేశించిన చోట కాకుండా మరో చోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న సంగతికి ఆ సాఫ్ట్‌వేర్‌లో చోటే ఇవ్వలేదు. కారు తయారైనప్పుడే ఉన్న అత్యవసర బ్రేకు ఏర్పాటును కూడా, కంప్యూటర్ నడుపుతున్నప్పుడు పనిచేయకుండా ఆపి ఉంచారు. ఇన్ని నిర్ణయాలు కంపెనీలో కూర్చుని తీసుకున్నవే. అయినా కంపెనీ మీద క్రిమినల్ కేసుకు ఆధారం లేదని అక్కడి ప్రాసిక్యూటర్ 2019లోనే తేల్చేశారు. కారులో పర్యవేక్షణకు కూర్చుని, రోడ్డు చూడకుండా ఫోన్ చూస్తున్న ఉద్యోగిపై మాత్రం కేసు నడిచి, 2023లో నేరం ఒప్పుకున్నాక మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకు బదులు అధికారుల పర్యవేక్షణ) శిక్ష పడింది. ఆ ఉద్యోగి తప్పు లేదని నేననడం లేదు. కానీ తప్పు పంపకంలో అట్టడుగున ఉన్నవాడి వాటా ఎప్పుడూ పెద్దదే అవుతోంది. మన దగ్గర నెలజీతానికి కుదిరే డ్రైవర్లు ఈ సంగతి గమనించాలి. భారతీయ న్యాయ సంహిత 106(1) కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే అయిదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది, సీట్లో మనిషంటూ ఉన్నంతవరకు ఆ సెక్షన్ వచ్చి పడేది అతని మీదే.

ఇక మన చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం లైసెన్సు ఉన్న మనిషి బండి నడుపుతాడన్న భావన మీదే నిలబడి ఉంది. క్లెయిమ్ పిటిషన్ ఎలా ఉంటుందో పాఠకులకు చెబితే చిక్కు అర్థమవుతుంది. మామూలుగా ఒకటో ప్రతివాది డ్రైవర్, రెండో ప్రతివాది బండి యజమాని, మూడో ప్రతివాది ఇన్సూరెన్స్ కంపెనీ. 166వ సెక్షన్ కింద పూర్తి పరిహారం కావాలంటే, డ్రైవర్ నిర్లక్ష్యంగా, అతివేగంగా నడిపాడని మేం చూపించాలి. డ్రైవర్ తప్పుకు యజమాని బాధ్యుడవుతాడు, యజమాని బాధ్యతను పాలసీ కింద ఇన్సూరెన్స్ కంపెనీ మోస్తుంది. ఈ మూడు మెట్లలో మొదటి మెట్టు డ్రైవర్ నిర్లక్ష్యమే, అతనే లేకపోతే పై రెండు మెట్లూ దేని మీద నిలబడాలి? మా ప్రధాన సాక్ష్యం ఎఫ్ఐఆర్, చార్జిషీటు. చార్జిషీటులో నిందితుడి పేరు రాయాల్సిన చోట పోలీసులు ఏం రాస్తారు? సాక్షుల బోనులోకి పిలిచి, ‘నువ్వు ఎంత వేగంతో వచ్చావు, మనిషిని ఎప్పుడు చూశావు’ అని క్రాస్ చేయడానికి, అంటే ఎదురు ప్రశ్నలు వేయడానికి ఎవరున్నారు?

మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అని మరో కాగితం ఉంది. ప్రమాదం తర్వాత ఆయన బండిని చూసి, బ్రేకులు, స్టీరింగ్, టైర్ల స్థితి రాసి, చివర ‘ఈ ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు’ అని సంతకం చేస్తారు. నేను చేసిన కేసుల్లో దాదాపు ప్రతి రిపోర్టులోనూ ఆ వాక్యమే ఉంటుంది. డ్రైవర్ ఉన్న బండి విషయంలో ఆ వాక్యం బాధితుడికి మేలు చేస్తుంది, ఎందుకంటే బండిలో లోపం లేకపోతే తప్పు నడిపినవాడిదే అవుతుంది. డ్రైవర్ లేని బండి విషయంలో అదే వాక్యం బాధితుడి నోట మన్ను కొడుతుంది. బ్రేకు బాగుంది, టైరు బాగుంది, నడిపినవాడు లేడు, కాబట్టి తప్పు రోడ్డు దాటినవాడిదే అని వాదించడానికి ఇన్సూరెన్స్ లాయరుకు అంతకంటే కావలసింది లేదు. బండి ఆ మనిషిని మోపుగానో, పొదగానో లెక్కగట్టిందా అన్నది తేల్చే పరికరాలూ, శిక్షణా మన జిల్లా రవాణా కార్యాలయాల్లో లేవు.

‘మృతుడు అజాగ్రత్తగా, అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డం వచ్చాడు’ అనే వాక్యం లేని కౌంటరును, అంటే ప్రతివాదులు వేసే జవాబును నేను చూసింది బహు తక్కువ. కొన్నేళ్ల కిందట, చీకట్లో జీవాలను రోడ్డు దాటిస్తూ లారీ కింద పడి చనిపోయిన ఒక కాపరి కుటుంబం తరఫున వాదించాను. గొర్రెల మంద అకస్మాత్తుగా ఎలా ప్రత్యక్షమవుతుందో చెప్పమని ఆ లారీ డ్రైవరును క్రాస్‌లో అడిగాను. ముందు వెళ్తున్న బండిని దాటే తొందరలో మందను చూసి కూడా వేగం తగ్గించలేదని అతనే ఒప్పుకున్నాడు. ఆ ఒక్క జవాబుతో కేసు నిలబడింది. యంత్రం చేత అలాంటి జవాబు చెప్పించాలంటే దాని లోపల నమోదైన సమాచారం ఒక్కటే దారి, అది ఉండేది కంపెనీ సర్వర్లలో.

ఆ సమాచారం దగ్గరే అసలు పోరాటం జరగబోతోంది. 2023 అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక మామూలు కారు గుద్ది పారిపోగా, ఎగిరిపడిన మహిళ మీదికి క్రూజ్ సంస్థ డ్రైవర్ లేని టాక్సీ ఎక్కింది. ఆగిన తర్వాత మళ్లీ కదిలి, కింద ఇరుక్కున్న ఆమెను సుమారు 20 అడుగులు ఈడ్చుకుపోయింది. ఈడ్చుకుపోయిన భాగం వీడియోను కంపెనీ తమకు ముందుగా చూపలేదని కాలిఫోర్నియా వాహనాల శాఖ పేర్కొంది, అదే నెల 24న అనుమతులు నిలిపివేసింది. ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖకే వీడియో పూర్తిగా అందని చోట, గార్లదిన్నె దగ్గరి పల్లెలో భర్తను పోగొట్టుకున్న కూలి మనిషికి అది ఎలా అందుతుంది? మన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేస్తేనే కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. ఆ సర్టిఫికెట్ మీద నిపుణుడితో పాటు ఆ యంత్రం ఎవరి అదుపులో ఉందో వాళ్లూ సంతకం చేయాలి. పైగా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ క్లెయిమ్ వేయడానికి ఆరు నెలల గడువు పెట్టింది. దాని చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేశారు కూడా. ప్రమాదం జరిగిన కొద్ది గంటల్లోనే పోలీసులు బండిని స్వాధీనం చేసుకున్నట్టే, అందులోని రికార్డునూ సీలు చేసి, ఒక ప్రతిని క్లెయిమ్ కేసులు విచారించే ట్రిబ్యునల్‌కు పంపేలా నిబంధన కావాలి. రికార్డు ఇవ్వకపోయినా, చెరిపేసినా తప్పు బండిదేనని కోర్టు భావించాలన్న మాట కూడా ఆ నిబంధనలోనే ఉండాలి. ఈ రెండో భాగం లేకపోతే మొదటి భాగం కాగితం మీదే ఉండిపోతుంది.

బాధితుడి చేతిలో ఇప్పుడు అసలేమీ లేదని నేననడం లేదు. మోటారు వాహనాల చట్టంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 164వ సెక్షన్ ప్రకారం, తప్పు ఎవరిదో రుజువు చేయనవసరం లేకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షల రూపాయలు బండి యజమాని గానీ, ఇన్సూరెన్స్ కంపెనీ గానీ చెల్లించాలి. డ్రైవర్ లేకపోయినా యజమాని ఉంటాడు కాబట్టి ఈ సెక్షన్ పనిచేస్తుందనే నా అభిప్రాయం. కానీ ముప్పై ఏళ్ల సంపాదనాపరుడు పోయిన ఇంటికి 5 లక్షలు ఏ మూలకు? 166 కింద ఆ మనిషి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడినవాళ్ల సంఖ్య లెక్కగట్టి ఇచ్చే మొత్తం అంతకు ఎన్నో రెట్లుంటుంది. యంత్రం గుద్దిందన్న ఒకే కారణంతో ఆ పెద్ద దారి మూసుకుపోకూడదు.

దాన్ని తెరిచి ఉంచే తాళంచెవి మన సుప్రీంకోర్టు తీర్పుల్లోనే ఉంది. 2001 నాటి కౌష్నుమా బేగం కేసులో, టైరు పగిలి అదుపు తప్పిన జీపు రోడ్డున నడిచిపోతున్న మనిషిని గుద్దింది. డ్రైవర్ నిర్లక్ష్యం లేదన్న కారణంతో ట్రిబ్యునల్, హైకోర్టు ఆ కుటుంబానికి పూర్తి పరిహారం నిరాకరించాయి. నిర్లక్ష్యం లేకపోయినా, ప్రమాదకరమైన వస్తువును రోడ్డు మీదికి తెచ్చినవాడు దాని వల్ల కలిగిన హానికి బాధ్యత వహించాల్సిందేనన్న కఠిన బాధ్యతా సూత్రం మోటారు ప్రమాదాలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పి పరిహారం ఇప్పించింది. ఇక 2004 నాటి స్వరణ్ సింగ్ కేసు తర్వాత గట్టిపడిన ‘ముందు చెల్లించు, తర్వాత వసూలు చేసుకో’ అనే పద్ధతి మా కోర్టుల్లో నిత్యం వినిపించేదే. డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోతే, బాధితుడికి ఇన్సూరెన్స్ కంపెనీ ముందు డబ్బు కట్టి, ఆనక యజమాని దగ్గర రాబట్టుకుంటుంది. బ్రిటన్ స్వయంచాలిత వాహనాల కోసం 2018లో చేసిన చట్టంలో పెట్టుకున్నదీ దాదాపు ఇదే. అక్కడ బండి తనంతట తాను నడుస్తూ ప్రమాదం చేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ నేరుగా బాధితుడికి చెల్లించి, లోపం తయారీదారుదైతే వాళ్ల దగ్గర వసూలు చేసుకుంటుంది. 2024లో చేసిన మరో చట్టంలో, బండి తానే నడుస్తున్నప్పుడు జరిగే డ్రైవింగ్ నేరాలకు సీట్లో ఉన్న మనిషిని శిక్షించకుండా, అనుమతి పొందిన సంస్థనే బాధ్యురాలిని చేశారు. మనకు పరాయి దేశపు సూత్రం తెచ్చుకోవాల్సిన పనే లేదు. మన కోర్టులు ఇప్పటికే చెప్పినదాన్ని చట్టంలో రాసుకుంటే చాలు: యంత్రం నడిపిన బండి పాదచారిని గుద్దితే, నిర్లక్ష్యం రుజువుతో పని లేకుండా 166 కింద పూర్తి పరిహారం ముందు ఇన్సూరెన్స్ కంపెనీ చెల్లించాలి. తప్పు యజమానిదా, కార్ల కంపెనీదా, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లదా అన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి.

ఇలా రాయకపోతే బాధితుడికి మిగిలేది తయారీదారు మీద యుద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువు తయారీదారుని బాధ్యుణ్ని చేసింది నిజమే. కానీ అందులో ఫిర్యాదు చేసే హక్కు ప్రధానంగా వినియోగదారుడిది, రోడ్డున నడిచిపోయేవాడు ఆ కారు కొనలేదు. కోర్టు ఫీజు కట్టుకుని సివిల్ దావా వేసి, ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో లోపముందని నిపుణుల చేత చెప్పించే శక్తి మన పల్లె కుటుంబాల్లో ఎవరికుంది? అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో 2019లో, రోడ్డు పక్కన ఆగివున్న కారు దగ్గర నిలబడిన 22 ఏళ్ల యువతి టెస్లా ఆటోపైలట్ కారు వచ్చి గుద్దడంతో చనిపోయింది. ప్రమాదంలో కంపెనీకి 33 శాతం బాధ్యత ఉందని జ్యూరీ తేల్చి, 24 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని చెప్పింది 2025 ఆగస్టులో. పెద్ద పెద్ద లాయర్లు ఉండి కూడా తొలి తీర్పు దాకా ఆరేళ్లు పట్టింది.

పాదచారి తప్పు అనే వాదన గురించి కూడా చట్టం స్పష్టంగా మాట్లాడాలి. ఫ్రాన్సులో 1985 నుంచి ఉన్న చట్టం ప్రకారం, మోటారు బండి గుద్దిన పాదచారి గాయాలకు అతని సొంత అజాగ్రత్తను సాకుగా చూపి పరిహారం తగ్గించడానికి వీల్లేదు. క్షమించరానంత ఘోరమైన తప్పు ప్రమాదానికి ఏకైక కారణమైతే తప్ప ఆ రక్షణ పోదు, పిల్లలకూ వృద్ధులకూ అంతకంటే గట్టి రక్షణ ఉంది. నడిచేవాడికి సురక్షితమైన ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కేనని మన సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. ఫుట్‌పాత్ గానీ, దాటే దారి గానీ చూపించని రోడ్డు మీద నడిచినందుకు నడిచినవాడి పరిహారంలో కోత పెట్టడం అన్యాయం. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులేనని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెబుతోంది. మనుషులు నడిపే బండ్ల కంటే యంత్రాలు నడిపే బండ్లు ఈ సంఖ్యను తగ్గిస్తాయని అంటున్నారు. నిజంగా తగ్గిస్తే అందరికంటే ముందు సంతోషించేది నేనే, నేను ఈ బండ్లకు వ్యతిరేకిని కాను. అవి అంత భద్రమైనవైతే పూర్తి బాధ్యత ఒప్పుకోవడానికి కంపెనీలకు అభ్యంతరం ఉండకూడదు.

ఇంకొక ముఖ్యమైన విషయం చాలామంది దృష్టికి రాలేదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 2బి అనే సెక్షన్ చేరింది. పరిశోధన, నవకల్పనలను ప్రోత్సహించడానికి కొన్ని రకాల వాహనాలను ఈ చట్టం నిబంధనల నుంచి మినహాయించే అధికారం దాని ద్వారా కేంద్రానికి దక్కింది. రేపు పరీక్షల కోసం ఈ బండ్లను రోడ్ల మీదికి వదిలితే ఈ సెక్షన్ కిందే వదిలే అవకాశం ఉంది. ఆ మినహాయింపు లైసెన్సు, రిజిస్ట్రేషన్ల వరకు ఇస్తే ఇవ్వొచ్చు గానీ, తప్పనిసరి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుకూ, క్లెయిమ్ ట్రిబ్యునల్ అధికారానికీ ఎంత మాత్రం వర్తించకూడదు. కాలిఫోర్నియాలో పరీక్షకు అనుమతి కావాలంటేనే కంపెనీ 50 లక్షల డాలర్ల బీమా గానీ, పూచీ గానీ చూపించాలి. మన జాతీయ రహదారి మీద పరీక్ష చేసే కంపెనీకి కూడా అలాంటి షరతు పెట్టాలి, ఆ పరీక్ష ఏ మండలాల గుండా ఏ తేదీల్లో జరుగుతుందో గ్రామ పంచాయతీలకు ముందే తెలియజేయాలి.

కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని సభలో ప్రస్తావించి, పాదచారుల హక్కుల మీద ఒక ప్రత్యేక అధ్యాయం కోసం పట్టుబట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. జిల్లా న్యాయవాదుల సంఘాలు కూడా తమ తీర్మానాలను రవాణా శాఖకు పంపితే బాగుంటుంది. మోటారు వాహనాల చట్టం కింద నిబంధనలు తెచ్చేటప్పుడు కేంద్ర రవాణా శాఖ ముసాయిదాను హిందీ, ఇంగ్లీషు భాషల్లో గెజిట్‌లో ప్రకటించి, అభ్యంతరాలకు మామూలుగా 30 రోజుల గడువిస్తుంది. అలాంటి ముసాయిదా వెలువడిన వెంటనే మీరు దాని పూర్తి పాఠాన్ని తెలుగులో ప్రచురించి, అభ్యంతరాలు పంపాల్సిన చిరునామాతో పాటు గడువు తేదీని కూడా మొదటి పేజీలో వేయాలని నా మనవి.

ఇట్లు,
ఒక న్యాయవాది,
అనంతపురం.